అంచనా నుంచి హామీ దాకా: ఎజైల్ పద్ధతుల్లో సాఫ్ట్‌వేర్ ప్రణాళికా రచన - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఒక సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ఎన్నాళ్ళకు పూర్తవుతుంది, ఎంత శ్రమ పడుతుంది అన్న ప్రశ్నకు ఆ రంగం 1960ల నుంచి వెతుకుతూ వచ్చిన సమాధానాలను, 1990ల తరువాత ఎజైల్ పద్ధతులు ఆ అన్వేషణలో తెచ్చిన మార్పును ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది. పని చేసేవారు చెప్పిన అంచనా పని చేయించేవారి చేతిలో హామీగా ఎలా మారుతూ వచ్చిందన్నది ఇందులో ప్రధాన చర్చ. 2004-05లో హైదరాబాదులోని ఒక చిన్న బృందం అంచనాలు వేయడమే మానుకొని సాధించిన ఫలితాన్ని కొంత వివరంగా చర్చించడం జరిగింది.

కీలకపదాలు: అంచనా, హామీ, ఎజైల్, స్టోరీ పాయింట్లు, ప్లానింగ్ పోకర్, కాన్‌బాన్, హైదరాబాదు.

ఉపోద్ఘాతం

జరగబోయేదాన్ని లెక్కకట్టి చెప్పడానికి తెలుగులో ఒకటికి మించి మాటలున్నాయి. ఉజ్జాయింపు అనే మాటలో తప్పు కావచ్చునన్న ఒప్పుకోలు ముందే ఉంది. మదింపు అధికారం ఉన్నవారు చేసే పని. పన్ను మదింపు అయ్యాక కట్టవలసిందే. అంచనా ఈ రెండింటికీ నడుమ నిలుస్తుంది. చేను చూసి ఎన్ని బస్తాలు రాలుతాయో చెప్పే రైతుదీ అంచనాయే, వంతెనకు ఎన్ని కోట్లవుతుందో కాగితం మీద పెట్టే ఇంజనీరుదీ అంచనాయే. మొదటిది తప్పితే నెపం వాన మీదికి పోతుంది. రెండోది తప్పితే వ్యవహారం విచారణ దాకా పోవచ్చు. మాట ఒక్కటే అయినా దాని వెనుక ఉన్న బాధ్యత ఒక్కటి కాదు.

ప్రభుత్వ బడ్జెటు పత్రాలు ఈ విషయంలో నిజాయితీగా ఉంటాయి. వాటిలో బడ్జెటు అంచనాలకు ఒక వరుస, సవరించిన అంచనాలకు మరొక వరుస, వాస్తవ వ్యయానికి వేరొక వరుస ఉంటాయి. ఏడాది మొదట్లో చెప్పిన అంకె ఏడాది నడుమ మారుతుందన్న సంగతిని ఆ పత్రం దాచుకోదు, సిగ్గుపడదు. సాఫ్ట్‌వేర్ రంగం తన తొలి దశాబ్దాల్లో ‘సవరించిన అంచనా’కు అలాంటి గౌరవప్రదమైన చోటు కల్పించుకోలేకపోయింది. ప్రాజెక్టు గురించి అందరికీ అతి తక్కువ తెలిసిన రోజు దాని మొదటి రోజు. ఆ రోజున చెప్పిన అంకెయే చివరిదాకా వెంటాడేది. ఎజైల్ పద్ధతుల చరిత్రను చాలామంది వేగానికి సంబంధించిన చరిత్రగా చెబుతారు. పేరు కూడా అలాగే ఉంది. సవరించుకొనే హక్కుకు సంబంధించిన చరిత్రగా దాన్ని చదివినప్పుడు ఎక్కువ విషయాలు బోధపడతాయి.

పూర్వరంగం: మనిషి-నెల అనే కొలత

1968 అక్టోబరులో పశ్చిమ జర్మనీలోని గార్మిష్‌లో నాటో సైన్సు కమిటీ ఒక సమావేశం జరిపింది. ‘సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్’ అన్న పేరు స్థిరపడడంలో ఆ సమావేశానిది ప్రధాన పాత్ర. పెద్ద వ్యవస్థలు చెప్పిన గడువుకు రావడం లేదు, చెప్పిన ఖర్చులో రావడం లేదు అన్నది అక్కడ చేరినవారిని కలవరపెట్టిన విషయాల్లో ముఖ్యమైనది. ఆనాటికి అందరి కళ్ళ ముందూ ఉన్న ఉదాహరణ ఐబీఎం సంస్థ నిర్మించిన ఓఎస్/360. దాని నిర్మాణానికి సారథ్యం వహించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో ‘ది మిథికల్ మ్యాన్-మంత్’ అనే గ్రంథంలో తన అనుభవాన్ని విశ్లేషించాడు. 1963 నుంచి 1966 వరకు ఆ వ్యవస్థ రూపకల్పనకు, నిర్మాణానికి, పత్రరచనకు సుమారు 5000 మనిషి-సంవత్సరాల శ్రమ ఖర్చయిందని ఆయన లెక్క.

బ్రూక్స్ వాదన అంచనాల కంటే ముందు అంచనాల కొలమానాన్నే ప్రశ్నించింది. మనుషులను, నెలలను గుణించి పనిని కొలిస్తే ఆ రెండూ ఒకదానికొకటి మారకం అవుతాయన్న భ్రమ కలుగుతుంది. వరికోతకు పదిమంది బదులు ఇరవైమంది దిగితే పని సగం రోజుల్లో అవుతుంది, ఎందుకంటే ఒక మడిలోని కూలీకి పక్క మడిలోని కూలీతో మాట్లాడవలసిన అవసరం లేదు. ప్రోగ్రాము రాసేవారికి ఆ వెసులుబాటు లేదు. పదిమంది ఉన్నచోట ఇద్దరిద్దరి మధ్య సంభాషణ మార్గాలు 45. ఇరవైమంది అయితే అవి 190. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో మనుషులను చేర్చితే అది మరింత ఆలస్యమవుతుందన్న బ్రూక్స్ సూత్రం ఈ లెక్క మీదనే, కొత్తవారికి పని నేర్పడానికి పట్టే కాలం మీదనే ఆధారపడింది.

తరువాతి పరిశోధన రెండు పాయలుగా సాగింది. మొదటి పాయ సూత్రాలను నమ్మింది. 1979లో ఐబీఎంకు చెందిన అలన్ ఆల్‌బ్రెక్ట్ ఫంక్షన్ పాయింట్లను ప్రతిపాదించాడు. 1981లో బారీ బోమ్ ‘సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ఎకనమిక్స్’ గ్రంథంలో 63 ప్రాజెక్టుల దత్తాంశం ఆధారంగా కోకోమో నమూనాను నిర్మించాడు. ఈ గ్రంథంలోనే ఒక గరాటు బొమ్మ ఉంది. ప్రాజెక్టు సాధ్యాసాధ్యాలను చూస్తున్న దశలో అంచనా నాలుగు రెట్లు ఎక్కువ కావచ్చు, నాలుగో వంతుకు తగ్గవచ్చు. పని సాగేకొద్దీ ఆ అంతరం కుంచించుకుపోతుంది. అంటే 100 మనిషి-నెలలు అనుకున్న పని 25తో తేలవచ్చు, 400 దాకా పెరగవచ్చు. తరువాతి కాలంలో స్టీవ్ మెక్‌కానెల్ దీన్ని ‘అనిశ్చితి శంకువు’గా ప్రచారంలోకి తెచ్చాడు. ఇంత స్పష్టమైన హెచ్చరిక ఉన్న పుస్తకాన్ని పరిశ్రమ ఒకే ఒక్క అంకెను ఖచ్చితంగా చెప్పే సూత్రాల కోసమే తిరగేసిందనడం అతిశయోక్తి కాదు.

రెండో పాయ మనస్తత్వశాస్త్రానిది. డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ 1979లో ప్రణాళికా భ్రమను వివరించారు. మనుషులు తమ పనికి గడువు చెప్పేటప్పుడు ఆ పని లోపలి వివరాలనే చూస్తారు తప్ప, అలాంటి పనులకు ఇదివరలో ఎంతకాలం పట్టిందో చూడరు. ఈ పరిశోధన సాఫ్ట్‌వేర్ ప్రణాళికలను తాకడానికి చాలా ఏళ్ళు పట్టింది. అది తాకిన చోటు విశ్వవిద్యాలయం కాదు, ఒక కార్ల కంపెనీ జీతాల విభాగం.

క్రైస్లర్ జీతాల ప్రాజెక్టు

1990ల నడుమ అమెరికాలోని క్రైస్లర్ సంస్థ తన ఉద్యోగుల వేతనాల కోసం వేరువేరుగా ఉన్న పాత వ్యవస్థలను ఒకే వ్యవస్థగా మార్చాలని పూనుకుంది. పని తడబడుతున్న దశలో, 1996లో కెంట్ బెక్ అందులో ప్రవేశించాడు. రాన్ జెఫ్రీస్ శిక్షకుడిగా చేరాడు. అక్కడ రూపుదిద్దుకున్న ఆచరణలే 1999లో బెక్ గ్రంథం ద్వారా ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్‌గా లోకానికి తెలిశాయి. ఆ వ్యవస్థ 1997లో సుమారు 10,000 మందికి జీతాలు లెక్కగట్టడం మొదలుపెట్టింది. మిగతా ఉద్యోగులకు విస్తరించకుండానే 2000లో ప్రాజెక్టు ఆగిపోయింది. పద్ధతికి పురుడుపోసిన ప్రాజెక్టే పూర్తికాలేదని విమర్శకులు ఎత్తిచూపుతుంటారు. అది వాస్తవమే. అయితే అక్కడ పుట్టిన ప్రణాళికా విధానానికి ఆ ప్రాజెక్టు ఆయుష్షుతో సంబంధం లేని విలువ ఉంది.

ఆ విధానం చూడడానికి చాలా సాదాగా ఉంటుంది. వ్యవస్థ చేయవలసిన ఒక్కొక్క పనిని వాడుకరి భాషలో ఒక చిన్న అట్ట మీద రాస్తారు. దాన్ని ‘కథ’ అన్నారు. ఏ కథ ముందు కావాలో, ఏది తరువాతనో నిర్ణయించే అధికారం వ్యాపార పక్షానిది. ఒక్కో కథకు ఎంత శ్రమ పడుతుందో చెప్పే అధికారం ప్రోగ్రామర్లది. ఒకరి హక్కులో మరొకరు వేలు పెట్టరాదు. గడువు సరిపోకపోతే వ్యాపార పక్షం కథలను తగ్గించుకోవాలి గాని అంచనాను తగ్గించమని బేరమాడకూడదు. అంతకుముందటి పద్ధతుల్లో అంచనా అనేది పైవారికి, కిందివారికి మధ్య జరిగే బేరం. కూరగాయల అంగడిలో లాగా అటు కొంత పెంచి చెప్పడం, ఇటు కొంత తెగ్గోయడం. ఆ బేరాన్ని నిషేధించడమే ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ చేసిన అసలు సాహసం. దీని ముందు మిగతా ఆచరణలు చిన్నవి.

అంచనాలను మొదట ‘ఆదర్శ దినాల్లో’ చెప్పేవారు. అంటే ఫోన్లు, సమావేశాలు, పక్కవారికి సాయం ఏవీ లేకుండా పనే పనిగా గడిచిన రోజు. ఆదర్శ దినాన్ని వాస్తవ దినాలుగా మార్చడానికి ఒక గుణకం వాడారు. అది సుమారు 3. ఇక్కడే చిక్కు వచ్చింది. ఒక రోజు పని అని చెప్పి మూడు రోజులు ఎందుకు తీసుకుంటున్నారన్న ప్రశ్న పైనుంచి పదేపదే రాసాగింది. ప్రశ్న అడిగినవారిని తప్పుపట్టలేం. రోజు అన్న మాటకు లోకంలో ఒకటే అర్థం. ఆ చిక్కును తప్పించడానికి రోజు అనే పేరు తీసేసి ‘పాయింట్లు’ అనసాగారు. నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్న స్టోరీ పాయింట్ల పుట్టుకను జెఫ్రీస్ ఇలాగే వివరించాడు. ఒక మాటకున్న అర్థం తెచ్చే ఇబ్బందిని తప్పించుకోవడానికి అర్థం లేని మాటను సృష్టించుకోవడం భాషాశాస్త్రవేత్తలకు కూడా ఆసక్తి కలిగించే విషయం.

పాయింట్లకు తోడుగా వచ్చినది ‘నిన్నటి వాతావరణం’ అనే సూత్రం. నిన్న ఎలా ఉందో ఈ రోజూ అలాగే ఉంటుందని చెప్పే వాతావరణ సూచన అనేక రోజులు నిజమవుతుంది. అలాగే గత రెండు వారాల్లో బృందం 20 పాయింట్ల పని పూర్తిచేస్తే రాబోయే రెండు వారాలకు కూడా 20 పాయింట్లే ఒప్పుకోవాలి. ఉత్సాహం పట్టలేక 30 అనకూడదు. కానెమన్, ట్వెర్‌స్కీలు చెప్పిన రోగానికి ఇది సరాసరి మందు. లోపలి వివరాల బదులు గతం రికార్డును చూడమంటుంది. పోయిన ఏడు దిగుబడిని బట్టి ఈ ఏడు గాదె సిద్ధం చేసుకొనే రైతుకు ఇందులో కొత్త ఏమీ కనబడదు.

చీట్లాటగా మారిన సంప్రదింపు

ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్‌కు సమాంతరంగా స్క్రమ్ పెరిగింది. జెఫ్ సదర్లాండ్ 1993లో ఈజెల్ అనే కంపెనీలో ప్రారంభించిన ఆచరణను ఆయన, కెన్ ష్వేబర్ 1995లో ఊప్స్లా సదస్సు ముందుకు తెచ్చారు. 2001 ఫిబ్రవరిలో యూటా రాష్ట్రంలోని స్నోబర్డ్‌లో 17 మంది చేరి ఎజైల్ ప్రకటన వెలువరించారు. ఆ ప్రకటన ప్రణాళికను తోసిపుచ్చిందన్న అభిప్రాయం బలంగా పాతుకుపోయింది గాని అది సరికాదు. ప్రణాళికను అనుసరించడం కంటే మార్పుకు స్పందించడానికి ఎక్కువ విలువ ఇస్తామని మాత్రమే అందులో ఉంది. తక్కువ విలువ ఇచ్చినదానికి కూడా విలువ ఉందని స్పష్టంగానే ఉంది.

మరుసటి ఏడాది, 2002లో, స్నోబర్డ్‌లో పాల్గొన్న జేమ్స్ గ్రెన్నింగ్ ప్లానింగ్ పోకర్‌ను వివరించాడు. మైక్ కోన్ 2005లో వెలువరించిన ‘ఎజైల్ ఎస్టిమేటింగ్ అండ్ ప్లానింగ్’ దాన్ని ఇంటింటికీ చేర్చింది. బృందంలో ప్రతివారి దగ్గరా అంకెల చీట్లు ఉంటాయి. కథను చదివి, సందేహాలు తీర్చుకున్నాక, అందరూ తమ అంచనాను బోర్లించి పెడతారు. ఒక్కసారిగా తిప్పుతారు. అతి ఎక్కువ చెప్పినవారు, అతి తక్కువ చెప్పినవారు కారణాలు చెప్పాలి. మళ్ళీ చీట్లు వేయాలి. అంకెలు 1, 2, 3, 5, 8, 13 దాకా పెరిగి, అటుపైన 20, 40, 100 అవుతాయి. 13కూ 14కూ తేడా చెప్పగలమన్న గర్వాన్ని ఆ ఖాళీలు అణుస్తాయి.

చీట్లను ఒకేసారి తిప్పడంలో మర్మం ఉంది. ట్వెర్‌స్కీ, కానెమన్ 1974లో ప్రచురించిన వ్యాసంలో ఒక ప్రయోగం వివరించారు. అంకెల చక్రాన్ని తిప్పి, ఆ తరువాత ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాల శాతమెంతో చెప్పమన్నారు. చక్రం 10 దగ్గర ఆగినప్పుడు సమాధానాల మధ్యగతం 25. 65 దగ్గర ఆగినప్పుడు 45. ప్రశ్నతో ఏ సంబంధమూ లేని అంకె కూడా మనసును లాగుతుందన్నమాట. అలాంటప్పుడు బృందంలో పెద్దాయన ముందుగా నోరు విప్పితే మిగతావారి అంచనాలు ఎటు పోతాయో ఊహించవచ్చు. పెద్దల మాటకు ఎదురు చెప్పడాన్ని మర్యాద లోపంగా భావించే సమాజాల్లో బోర్లించిన చీటికి మరింత విలువ ఉంది. నిన్న చేరిన అమ్మాయి 13 వేసి, పదిహేనేళ్ళ అనుభవజ్ఞుడు 3 వేసినప్పుడు, ఆమె చేత కారణం చెప్పించే బాధ్యత ఆట నియమానిది అవుతుంది. ధైర్యం ఆమెది కానక్కరలేదు.

ఇది పూర్తిగా కొత్త ఆలోచన కాదు. ర్యాండ్ సంస్థలో 1950లలో పుట్టిన డెల్ఫీ పద్ధతిలో నిపుణులు ఒకరికొకరు తెలియకుండా అభిప్రాయాలు రాసేవారు. బోమ్, ఆయన సహచరులు 1970లలో దానికి చర్చను జోడించి వైడ్‌బ్యాండ్ డెల్ఫీ అన్నారు. ప్లానింగ్ పోకర్ దాని మనుమరాలు. నిపుణుల స్థానంలో పని చేయబోయేవారే కూర్చోవడం మాత్రం మౌలికమైన తేడా.

హైదరాబాదు బృందం: అంచనా మానేసిన వేళ

ఈ చరిత్రలో తెలుగు నేలకు నేరుగా సంబంధించిన ఘట్టం ఒకటుంది. మైక్రోసాఫ్ట్ సంస్థ అంతర్గత సమాచార సాంకేతిక విభాగంలో ఎక్స్‌ఐటీ సస్టెయినింగ్ ఇంజనీరింగ్ అనే బృందం ఉండేది. సంస్థలో అందరూ వాడే సుమారు 80 అప్లికేషన్లకు చిన్న చిన్న మార్పులు చేయడం దాని పని. పని చేసేవారు హైదరాబాదులోని ఒక సేవాసంస్థలో ఉండేవారు: ముగ్గురు డెవలపర్లు, ముగ్గురు టెస్టర్లు. ఆ సేవాసంస్థకు సీఎంఎంఐ అయిదో స్థాయి గుర్తింపు ఉంది. కాగితం మీద చూస్తే ప్రక్రియలో లోటు లేదు. అయినా 2004 నాటికి వినియోగదారుల అసంతృప్తిలో ఆ బృందానిదే అగ్రస్థానం. ఒక మార్పు కోరితే అది చేతికి రావడానికి అయిదు నెలలు పట్టేది. 80కి పైగా కోరికలు వరుసలో వేచి ఉండేవి.

2004 అక్టోబరు ప్రాంతంలో ఆ బృందం బాధ్యత స్వీకరించిన డ్రాగోస్ డుమిత్రియు, ఆయనకు తోడ్పడిన డేవిడ్ జె. ఆండర్సన్ కారణాలు వెతికారు. సగటున ఒక మార్పుకు పట్టే నికర శ్రమ 11 రోజులు. మిగతా కాలమంతా నిరీక్షణ. ఆ నిరీక్షణకు పెద్ద కారణం అంచనాలే. వచ్చిన ప్రతి కోరికకు 48 గంటల్లో స్థూల అంచనా ఇవ్వాలన్న నియమం ఉండేది. ఒక్కో అంచనాకు ఒక డెవలపర్, ఒక టెస్టర్ దాదాపు ఒక రోజు వెచ్చించేవారు. ఎప్పుడు కొత్త కోరిక వచ్చినా చేతిలో ఉన్న పని పక్కన పెట్టవలసిందే. ఈ విధంగా బృందం సామర్థ్యంలో సుమారు మూడో వంతు, గడ్డు నెలల్లో 40 శాతం దాకా, అంచనాలకే పోయేది. పైగా అంచనా వేసిన కోరికల్లో దాదాపు సగం ఖర్చు ఎక్కువనో, పని పెద్దదనో, ఆలస్యమవుతుందనో పక్కకు పోయేవి. ఎన్నడూ చేయని పనులకు లెక్కలు కడుతూ, చేయవలసిన పనులను ఆపుకున్నారన్నమాట.

అయితే ఈ అంచనాలు అడిగినవారికి దురుద్దేశం ఏదీ లేదన్నది గుర్తుంచుకోవాలి. ఏ విభాగం ఖాతాలో ఎంత ఖర్చు రాయాలో, ఏ మార్పుకు ఎంత ప్రయోజనమో తెలియడానికి అంచనా కావాలి. నియమం ఒక్కొక్కటి విడిగా చూస్తే సబబే. అన్నీ కలిసి ఆ ఆరుగురి మీద పడ్డాయి.

చేసిన మార్పు విప్లవాత్మకంగా కనబడదు. అంచనాలు ఆపేశారు. ఖర్చును స్థిరమైన నెలవారీ మొత్తంగా పంచారు. ఒక డెవలపర్ ఒకసారికి ఒకే పని, ఒక టెస్టర్ ఒకసారికి ఒకే పని చేపట్టాలన్నారు. వారి ముందు చిన్న వరుస మాత్రమే ఉంచి, అందులో ఖాళీ ఏర్పడినప్పుడు తరువాత ఏ పని రావాలో ప్రోడక్ట్ మేనేజర్లే తేల్చుకోవాలన్నారు. వరుసలోకి వచ్చిన పని 25 రోజుల్లో అందుతుందని చెప్పారు. తరువాత డెవలపర్లు, టెస్టర్ల నిష్పత్తిని మార్చి నలుగురు, ఇద్దరు చేశారు. 2005 నడుమ మరో ఇద్దరిని చేర్చారు.

ఫలితం ఆండర్సన్ గ్రంథం ‘కాన్‌బాన్’లో నమోదైంది. మూడు నెలలకు 17 మార్పులు అందించిన బృందం చివరకు 56 అందించింది. సగటు వ్యవధి 14 రోజులకు తగ్గింది. 25 రోజుల గడువును 98 శాతం సందర్భాల్లో నిలబెట్టుకున్నారు. 2005 నవంబరు నాటికి పేరుకుపోయిన వరుస పూర్తిగా కరిగిపోయింది. మనుషుల సంఖ్య కొంత పెరిగిన మాట నిజమే గాని ఆరుగురు ఎనిమిది మంది కావడం మూడు రెట్లకు పైబడిన పెరుగుదలను వివరించలేదు. కాన్‌బాన్ పద్ధతి చరిత్ర రాసేవారు దీన్ని రెడ్‌మండ్ కథగా చెప్పడం పరిపాటి. నిర్ణయాలు అక్కడివే. ఆ నిర్ణయాలు సరైనవని రుజువు చేసిన పని మాత్రం హైదరాబాదులో జరిగింది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ఆ బృందం హామీని వదులుకోలేదు, అంచనాను వదులుకుంది. ఒక్కొక్క పని ఎంత పెద్దదో చెప్పడం మానేసి, ఏ పని అయినా ఎన్నాళ్ళలో వస్తుందో చెప్పింది. తపాలా కార్యాలయం ప్రతి ఉత్తరానికీ వేరువేరుగా లెక్క కట్టి చెప్పదు కదా. చిన్న చిన్న పనులు నిరంతరం వచ్చే చోట ఇది చెల్లుతుంది. కొత్తగా ఒక పెద్ద వ్యవస్థను నిర్మించదలచిన సంస్థకు, డబ్బు పెట్టాలా వద్దా అని తేల్చుకోవలసిన రోజున, ఈ సమాధానం సరిపోదు. 2012 ప్రాంతం నుంచి అంచనాలే వద్దన్న వాదం అంతర్జాలంలో బలపడినప్పుడు ఈ తేడాను రెండు పక్షాలూ తరచుగా మరచిపోయాయి.

మాట మార్పు

స్క్రమ్ తొలి వివరణల్లో బృందం ప్రతి స్ప్రింట్ మొదట్లో తాను పూర్తిచేయబోయే పనికి ‘కట్టుబడుతుంది’. ఆ క్రియాపదం చేసిన చేటు అంతాఇంతా కాదు. పాయింట్లు బృందం తన కోసం వాడుకోవలసిన కొలత; కట్టుబాటు తోడవడంతో అది పైవారి చేతిలో కొరడా అయింది. రెండు బృందాల వెలాసిటీని పోల్చడం, పోయిన నెల కంటే ఈ నెల పెంచమనడం మొదలయ్యాయి. అప్పుడు జరిగేది తెలిసిందే. 3 పాయింట్ల కథ 5 అవుతుంది, 5 కథ 8 అవుతుంది. వెలాసిటీ పెరుగుతుంది, పని పెరగదు. తెలుగులో వీటిని కాకిలెక్కలంటారు. రాసినవారిని నిందించే ముందు అడిగినవారిని చూడాలి.

స్థిరమైన ధరకు ఒప్పందం కుదుర్చుకొని విదేశీ ఖాతాదారులకు పనిచేసే సేవాసంస్థల్లో ఈ చిక్కు మరింత బిగుస్తుంది. అక్కడ గడువు, ధర, చేయవలసిన పని మూడూ ఒప్పందంలోనే రాసి ఉంటాయి. స్ప్రింట్లు, చీట్లు, బర్న్‌డౌన్ చార్టులు ఆ మూడింటి లోపలే తిరగాలి. అప్పుడు సవరించిన అంచనాకు చోటు లేదు. సవరణ బృందం రాత్రివేళల్లోకి, వారాంతాల్లోకి మారుతుంది. ఎజైల్ పేరుతో జరిగేదానికీ క్రైస్లర్ ప్రాజెక్టులో బేరాన్ని నిషేధించిన నియమానికీ సంబంధం తెగిపోయిన చోటు ఇదే.

ఈ దురుపయోగాన్ని పద్ధతి కర్తలు గమనించకపోలేదు. 2011లో సవరించిన స్క్రమ్ గైడ్ ఒక స్ప్రింట్‌లో చేయబోయే పని విషయంలో ‘కట్టుబాటు’ అన్న మాటను తొలగించి ‘ముందస్తు సూచన’ అని మార్చింది. వాతావరణ శాఖ చెప్పేది సూచన. వాన పడకపోతే ఆ శాఖను మాట తప్పిందని ఎవరూ అనరు. జెఫ్రీస్ 2019లో మరింత దూరం వెళ్ళి, స్టోరీ పాయింట్లను తానే కనిపెట్టి ఉండవచ్చునని, అలా అయితే అందుకు ఇప్పుడు విచారిస్తున్నానని రాశాడు. వాటిని బృందాలను పోల్చడానికి, ఒత్తిడి పెట్టడానికి వాడడం ఆయన ప్రధాన ఆక్షేపణ.

2020 నవంబరులో వచ్చిన స్క్రమ్ గైడ్‌లో కట్టుబాటు అన్న మాట తిరిగి వచ్చింది. ఈసారి దాని కర్మపదం మారింది. బృందం కట్టుబడవలసినవి ఉత్పత్తి లక్ష్యం, స్ప్రింట్ లక్ష్యం, ‘పూర్తయింది’ అనడానికి అంగీకరించిన నిర్వచనం. ఎన్ని కథలు, ఎన్ని పాయింట్లు అన్నది ఆ జాబితాలో లేదు.